నాయన విన్న ముప్పై ఒకటి

పోయినవాటిని ముందు లెక్కపెడతాను, అది నా అలవాటు. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను ఒకటి. అందులో మూడో సిలిండరు కనెక్టింగ్ రాడ్డు ఇంజను గోడను పగలగొట్టుకుని బయటికొచ్చింది, కాబట్టి తక్కిన మూడు సిలిండర్లూ బాగున్నా లెక్కలోకి రావు. ఆ ఇంజనును మోసిన తెల్ల కారు ఒకటి. ఒక అవ్వ కుడి ముంజేయి ఎముక. అది ఏడు వారాలకు అతుక్కుంది కాబట్టి సగం నష్టమే అనాలి, కానీ ఆ ఏడు వారాలూ ఆమె తన చేత్తో అన్నం తినలేదు. నాయన కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి మూడొంతులు. ఇవి ఆ రోజుకు ముందే పోయాయి, అయినా ఆ రోజే పోయినట్టు ఊరు లెక్కేసింది. డ్రైవరుగా ఆయనకున్న ఇరవై ఆరేళ్ళ పేరు. ఇక శబ్దాలు. కళ్ళు మూసుకుని ఏది ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పగలిగినవి నాకు ఇరవై మూడు ఉండేవి. ఇప్పటి బండ్లలో నాలుగు మిగిలాయి. వీటన్నిటినీ కూడి కింద ఒక మొత్తం వేయలేను. రకాలు వేరైనవాటిని కూడకూడదని నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు, రాయదుర్గంలో గుడ్డ కత్తిరింపుల లెక్క చూస్తూ నేనే తెలుసుకున్నాను. ఒక బల్ల మీద ఎన్ని పొరలు పరిచారు, ఒక్కో పొరలో ఎన్ని ప్యాంటు కాళ్ళు వస్తాయి, ఎన్ని జేబులు వస్తాయి, ముప్పై ఏళ్ళుగా నా పని అదే.

పోయిన నెల సోమందేపల్లె వెళ్ళాను. హైవే పక్కన మహబూబ్ మామ షెడ్డు మూసేస్తున్నాడని కబురొచ్చింది. ఆయన మెకానిక్కు, నాయనకు స్నేహితుడు, మాకు చుట్టం కాదు. పుట్టినప్పటినుంచీ మామా అనే పిలిచాను. ఎనభై దగ్గర పడ్డాయి, ఎడమ కంటికి చూపు ఆనదు. నేను ఆటో దిగుతుంటే మంచం మీద నుంచే చూసి, "ఏమ్మా, ఒళ్ళు చేసినావే" అన్నాడు. "తూకమేసి చూసినావా మామా?" అన్నాను. "నీ మాదిరి కిలోల్లో చెప్పలేను గానీ, నువ్వు దిగినాంక ఆటో జానెడు పైకి లేసింది" అన్నాడు. షెడ్డులో ఏమీ మిగల్లేదు. పానాలన్నీ తూకానికి వేసేశాడు. తలగడ కింద నుంచి మాత్రం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు, కొయ్య పిడి. "మీ నాయనది. ఇన్నేండ్లు ఎవురికీ ఇయ్యల్యా. దీన్ని గూడా ఏసేద్దామని తక్కెడ దగ్గరికి రెండు మాట్లు పోయి వచ్చినా." పిడి చివర పంటి గాట్లున్నాయి. పైన నాలుగు, కింద మూడు. బస్సులో తిరిగి వస్తూ వాటి మీద బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాను. రాయదుర్గం వచ్చేదాకా పక్క సీటులో ఎవరు కూర్చున్నారో కూడా చూడలేదు.

మా ఇంట్లో తెల్లవారడం ఇరవై అంకెలతో జరిగేది. డీజిల్ ఇంజను కాబట్టి తాళం సగం తిప్పి, లోపల హీటరు కాగేదాకా ఆగి, అప్పుడు స్టార్టు చేయాలి. నాయన గట్టిగా లెక్కపెట్టేవాడు. ఎండాకాలం ఇరవై, చలికాలం ముప్పై. నేను దుప్పట్లో ఉండి ఆయనతో పాటు లెక్కపెట్టేదాన్ని. పలక మీద అంకెలు దిద్దకముందే ముప్పై దాకా వచ్చేశాయి. ఇంజను అందుకోగానే గోడ మీద గిన్నెలు సన్నగా వణికేవి, డీజిల్ పొగ వాకిట్లోంచి వంటింటి దాకా వచ్చేది, అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రాగిముద్ద కెలికేది. ఆ పొగా, ఊరిబిండి పచ్చడి కోసం వేయించే చెనక్కాయల వాసనా కలిసి ఒకే వాసనయ్యేవి. వేటికవి విడివిడిగా పీలిస్తే ఇప్పటికీ నాకు ఏదో సగమే అందినట్టుంటుంది.

నీళ్ళ దగ్గర మాత్రం రోజూ తగవే. మా బోరు నీళ్ళు ఉప్పు. రేడియేటర్లో పోస్తే ఆర్నెల్లలో లోపల తెల్లగా గార కట్టి ఇంజను మసిలిపోయేది. అదే నీళ్ళతో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకులుగానే ఉండేది. అందుకని ఏడాదికి నాలుగైదుసార్లు కురిసే వాన నీళ్ళను రేకుల మీద నుంచి రెండు డ్రమ్ముల్లోకి పట్టేవాళ్ళం. ఆ నీళ్ళు పప్పుకా, బండికా అన్నదే తగవు. "కట్టుకున్న పెండ్లానికి ఉప్పు నీళ్ళు, నీ తెల్లదానికి వాన నీళ్ళు" అనేది అమ్మ. "అది మసిలితే నడీ రోడ్డు మీద నిలబడతాది. నువ్వు మసిలినా ఇంట్లోనే ఉంటావు గదే" అనేవాడు నాయన. ఆ రోజు పప్పులో ఉప్పు రెండింతలు పడేది. ఆయన మెతుకు మిగల్చకుండా తినేసి, చేయి కడుక్కోవడానికి లేస్తూ నావైపు చూసి కన్ను గీటేవాడు.

నాయన పేరు ఓబులేసు. బాడుగ కారు నడిపేవాడు. కానీ హైవే మీద ఆయనకు పేరొచ్చింది నడపడంలో కాదు, వినడంలో. పెనుకొండ నుంచి హిందూపురం దాకా ఎవరి బండిలో కొత్త సద్దు పుట్టినా ముందు ఓబులేసన్నకు చూపించేవాళ్ళు, తర్వాతే మెకానిక్కు దగ్గరికి. ఆయన బానెట్టు ఎత్తేవాడు కాదు. పక్క సీట్లో కూర్చుని "పోనీ" అనేవాడు. "సద్దు ఎట్లుండాదో నాకు చెప్పొద్దు, అది ఎప్పుడు ఆగుతాదో ఇనల్ల" అనేది ఆయన పద్ధతి. బండి నిలబడి ఉండగా క్లచ్ తొక్కితే సద్దు ఆగిందా, గేరుపెట్టె ముందు బేరింగు. తొక్కితేనే మొదలైందా, క్లచ్ బేరింగు. రోడ్డు మీద యాక్సిలేటరు వదలగానే కూత మారిందా, వెనక ఇరుసు మధ్యలో ఉండే పెద్ద పళ్ళచక్రం. వంపు తిరుగుతుంటే బరువు ఒక పక్కకు ఒరిగి గురక పెరిగిందా, ఆ పక్క చక్రం బేరింగు. కదిలేటప్పుడు ఒక్కసారే టంగుమని ఊరుకుందా, కింద పొడవాటి రాడ్డు కీలు. వీటిలో ఏదీ కాకుండా, రోడ్డు ఎత్తు ఎక్కేటప్పుడు రోకటి పోటులా బరువుగా కొడితే మాత్రం ఇంజను లోపల రాడ్డు బేరింగు పోయినట్టు. "అది ఇంటే ఆడికాడికి ఆపేయల్ల. ఇంగొక కిలోమీటరు గూడా పోగూడదు" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. లెక్క లేకుండా వదిలేసినవి నా దగ్గర చాలా తక్కువ.

లెక్క మాత్రం నేను తెచ్చిపెట్టింది. పదో తరగతి అయ్యాక ఇంట్లో ఉన్నాను. చెనక్కాయల వ్యాపారి ఒకాయన బాడుగకు వచ్చి, "ఏమప్పా ఓబులేసూ, కింద టిక్కు టిక్కుమంటాండాదే" అన్నాడు. నాయన కాసేపు తల వంచి విని, "ఏం లేదన్నా" అన్నాడు. వ్యాపారి ఊరుకోలేదు. షెడ్డులో మహబూబ్ మామ విని గేరుపెట్టె దించాలని తేల్చి, గోనెసంచులు పరిచాడు. గేరుపెట్టె దించడమంటే వారం రోజులు బండి ఉండదు. నేను సుద్దముక్కతో చక్రం మీద ఒక గీత గీసి, కారు తోయించి, గీత మళ్ళీ నేలను తాకేదాకా అమ్మ చీర అంచుతో కొలిచి, ఆ అంచును టేపుతో కొలిచాను. ఏడడుగులకు ఒక అంగుళం తక్కువ. కిలోమీటరు రాళ్ళ మధ్య అప్పట్లో చిన్న రాళ్ళుండేవి, రెండు వందల మీటర్లకు ఒకటి. ఆ దూరంలో చక్రం తొంభై అయిదుసార్లు తిరుగుతుంది. లోపల పొడవాటి రాడ్డు అయితే దానికి నాలుగున్నర రెట్లు. "నిదానంగా పోనీ నాయనా" అని, రాయి నుంచి రాయికి టిక్కులు లెక్కపెట్టాను. తొంభై నాలుగు. ఇంకోసారి వెళ్ళాం. తొంభై అయిదు. "మామా, అది పెట్టెలో లేదు, చక్రంతో బాటే తిరుగుతాండాది" అన్నాను. మహబూబ్ మామ నవ్వుతూనే జాకీ ఎత్తాడు. వెనక ఎడమ టైరు గాట్లో ఎద్దు నాడా మేకు ఒకటి దిగబడి ఉంది. దాన్ని కటింగ్ ప్లేయరుతో లాగి అరచేతిలో పెట్టుకుని, "ఓబులేసూ, నీ కూతురు నా పొట్ట కొట్టేట్టుండాది" అన్నాడు.

ఆ రోజంతా నాయన ఆ మేకు జేబులో వేసుకుని తిరిగాడు, కనిపించినవాళ్ళకల్లా చూపించాడు. ఆ మర్నాటి నుంచి ముందు సీటు నాది. ఆ వయసు ఆడపిల్ల బాడుగ కారులో కూర్చోవడం ఊళ్ళో వింతే. "ఏం ఓబులేసన్నా, మీటరు కొత్తగా పెట్టించినావా, నోరు కదిలిస్తాండాది?" అని బస్టాండులో ఎగతాళి చేసేవాళ్ళు, నేను పెదాలు కదిలిస్తూ లెక్కపెడతానని. "ఔన్రా, తప్పు చూపించని మీటరు" అనేవాడు ఆయన. ఆ మాట వింటుంటే నాకు కడుపు నిండేది. ఒక సంగతి మాత్రం చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. వ్యాపారికి వినిపించిన టిక్కు, మామకు వినిపించిన టిక్కు, నాకు వినిపించిన టిక్కు నాయనకు వినపడలేదు. నా తెలివికి ఆయన మురిసిపోతున్నాడనే అనుకున్నాను. మురిపెం వెనక ఆయనకు ఎంత భయం వేసి ఉంటుందో ఆలోచించలేదు.

అది నాకు తెలిసింది స్క్రూడ్రైవరు వల్ల. నడుస్తున్న ఇంజను మీద దాని కొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపలి శబ్దం ఆ ఇనుము గుండా చెవిలోకి వస్తుంది. మెకానిక్కులందరూ చేసేదే. ఒక పొద్దున నేను చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి నాయన బానెట్టు మీదికి వంగి, పిడిని పంటి మధ్య కరిచి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నన్ను చూసి తీసేశాడు. "పంటితో అయితే బాగా తెలుస్తాది పాపా" అన్నాడు. నేను ఆయన వెనక్కి వెళ్ళి, మామూలుగా మాట్లాడే గొంతుతో "నాయనా, టైరు పంక్చరైంది" అన్నాను. ఆయన తిరగలేదు. ఎడమ పక్కకు వచ్చి మళ్ళీ అన్నాను. "యాడ? ఏ టైరు?" అని పరుగెత్తాడు. ఇరవై ఆరేళ్ళు కిటికీ తెరిచి లారీల పక్కన నడిపినవాడు, కుడి చెవి ముందు పోయింది. నేను చెప్పింది అబద్ధమని తెలిసి ఆయన తిట్టలేదు. రేకు డ్రమ్ము మీద కూర్చుని బీడీ వెలిగించి, "మీ యమ్మకు చెప్పొద్దు" అన్నాడు. బీడీ సగం కాలాక, "వెనక సీట్లో మనుషులుంటారు పాపా. నాకు ఇనపడకపోతే వాళ్ళకు దెబ్బ తగులుతాది" అన్నాడు.

అమావాస్య రోజు మా వైపు బాడుగలుండవు, ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. డ్రైవర్లు బండి కడిగి, టెంకాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి ఇంటిపట్టున ఉంటారు. ఆ రోజే పరీక్ష పెట్టుకుందామన్నాడు. ఇంజను నడుస్తూ ఉంటుంది, ఆయన అద్దాలు బిగించి డ్రైవరు సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంటాడు, నేను బానెట్టు కింద నుంచి ఇంజను ఒంటి మీద పానాతో కొడతాను. ఎన్ని కొట్టేదీ నా ఇష్టం. ఆయన విన్నవి వేలి కణుపుల మీద లెక్కపెట్టుకుని చెప్తాడు, అప్పుడు నేను నా అంకె చెప్పాలి. "ఒకే తాళంగా కొట్టొద్దు పాపా, నేను ఊహించి చెప్పేస్తా. ఆపి ఆపి కొట్టు, మోసం చేసినట్ల కొట్టు" అన్నాడు. నియమం కూడా ఆయనే పెట్టాడు. పదికి రెండు దాకా పోతే పర్వాలేదు. రెండు దాటితే ఆ పొద్దే తాళాలు మేకుకు తగిలించి, మళ్ళీ మనుషుల్ని ఎక్కించుకోడు. మొదటి అమావాస్యకు ముప్పై కొడితే ఇరవై తొమ్మిది విన్నాడు. తర్వాత ముప్పై ఆరుకు ముప్పై మూడు. ఇంకో నాలుగు నెలలకు నలభై అయిదుకు ముప్పై ఎనిమిది. ప్రతిసారీ నేను నిజమే చెప్పాను. ప్రతిసారీ ఆయన "ఇంగా ఉండాది లే" అని దిగి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద అరచేయి వేసేవాడు.

ఆ ఏడాది చెనక్కాయ చేలలోనే ఎండింది. రాయదుర్గంలో ప్యాంట్లు కుట్టే యూనిట్లలో పని నేర్పి తీసుకుంటున్నారని మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు బయల్దేరారు. నాకూ వెళ్ళాలనిపించింది. ఎందుకో దాచుకోకుండా రాస్తాను. ముందు సీటు అంటే నాకు ప్రాణం, కానీ పంతొమ్మిదేళ్ళు వచ్చాయి, రోడ్డు పక్క రాళ్ళు తప్ప నాకంటూ లెక్కపెట్టుకోవడానికి ఇంకేమీ లేదు. నాయన "పోయి రా" అనలేదు, "వద్దు" అనలేదు. "అమావాస్య కానీ. చూసి చెప్తా" అన్నాడు. ఆయన చెవులు నిలబడితేనే నేను వెళ్ళొచ్చు. నిలబడకపోతే బండి ఆగిపోతుంది, లేదా నేను ఆ సీట్లో ఉండిపోవాలి. అమ్మకు అప్పటికి అన్నీ తెలుసు.

ఆ అమావాస్య పొద్దున అమ్మ గడప మీద కూర్చుని విత్తనం చెనక్కాయలు ఒలుస్తోంది. నాయన అద్దాలు బిగించుకున్నాడు. నేను ఆపి ఆపి నలభై కొట్టాను. ఎప్పటికంటే మెల్లగా కొట్టలేదు, గట్టిగా కూడా కొట్టలేదు, ఆ ఒక్క విషయంలో న్యాయంగానే ఉన్నాను. ఆయన అద్దం దించి, మొహం నిండా వెలుగుతో, "ముప్పై ఒకటి" అన్నాడు. నలభైకి ఎనిమిది దాకా పోవచ్చు. తొమ్మిది పోయాయి. ముప్పై ఎనిమిది కొట్టానని చెప్పి ఉంటే నియమం లోపలే పడేవాడు, చెవి తగ్గిందని భయమైనా ఆయనకు మిగిలేది, కిటికీ తెరిచి జాగ్రత్తగా వింటూ నడిపేవాడు. నాకు అంత లెక్క తోచింది కూడా. కానీ ఆ మొహం చూశాక, "ముప్పై ఒకటే నాయనా, ఒకటి గూడా పోలేదు" అన్నాను. ఆయన కారు దిగి, "ఇన్యావా? ఒకటి గూడా పోలేదంట!" అని అమ్మ వైపు అరిచాడు. అమ్మ తల ఎత్తలేదు. సాయంత్రం నా సంచిలో బట్టలు సర్దుతూ, "ముప్పై ఒకటేనా?" అంది. "ఊ" అన్నాను. "సరే" అని సంచి మూతి కట్టేసింది.

పంతొమ్మిదో రోజు. చిలమత్తూరు వాళ్ళు ముగ్గురు, ఒక అవ్వ, ఆమె కొడుకు, మనవడు, పెనుకొండలో పెండ్లి చూసుకుని తిరిగి పోతూ నాయన కారెక్కారు. ఆ తర్వాత జరిగింది ఆ మనవడు షెడ్డుకు వచ్చి చెప్పాడు. ఊరు దాటిన కాసేపటికే ముందు నుంచి దెబ్బలు మొదలయ్యాయట. అవ్వ ముందుకు వంగి, "ఏమప్పా, లోపల ఎవురో రోకలితో దంచుతాండారే" అందట. నాయన అద్దంలో ఆమె పెదాలు కదలడం చూసి, "ఇంగ అర్ధగంటలో మీ ఇంటి ముందర దింపుతా అవ్వా" అన్నాడట. వాళ్ళు నవ్వుకున్నారట, డ్రైవరు హాస్యగాడని. పదిహేడు కిలోమీటర్లు ఆ దెబ్బలు మోగాయి. ఆ ఇంజను టాపు గేరులో కిలోమీటరుకు రెండు వేల నూట ముప్పై మూడుసార్లు తిరుగుతుంది. చుట్టుకు ఒకటి చొప్పున ముప్పై ఆరు వేల రెండు వందల అరవై ఒక్క దెబ్బలు. తర్వాత రాడ్డు విరిగి గోడ పగిలింది, నూనె వెనక చక్రాల కిందికి చిమ్మింది, కారు జారి రోడ్డు దిగి కంపచెట్లలో ఆగింది. అవ్వ చెయ్యి ముందు సీటుకు కొట్టుకుంది. ఆ సీటు ఖాళీగా ఉంది.

నేను బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి నాయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. షర్టు మీద ఇంజను నూనె ఆరి నల్లగా అట్టకట్టింది, మార్చుకోలేదు. నేను ఎదురుగా కూర్చోగానే, "ఏ సద్దూ రాలేదు పాపా. ఉన్నట్టుండి పగిలిపాయ. సద్దు వచ్చింటే నాకు ఇనపడకుండా పోతాదా?" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను ఆయన చెప్పులు తీసి పక్కన పెట్టాను. చెప్పాల్సిన సమయం అదే. రెండు రోజులున్నాను, చెప్పలేదు. మూడో రోజు రాయదుర్గం బస్సెక్కాను. కారును మహబూబ్ మామ లారీకి కట్టి లాక్కొచ్చాడు, నాలుగు నెలలు షెడ్డు వెనక ఉండి పాత ఇనుము కింద పోయింది. నాయన లైసెన్సు పెట్టెలో పెట్టాడు. చిలమత్తూరు వెళ్ళి అవ్వ కాళ్ళు పట్టుకుని వచ్చాడని అమ్మ చెప్పింది.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆయన షెడ్డులోనే కూర్చున్నాడు. పంటి మధ్య స్క్రూడ్రైవరు పెట్టుకుని, అరచేయి గేరు కడ్డీ మీద వేసి, ఇంకా సద్దులు పట్టేవాడు. పదిట్లో తొమ్మిది సరిగ్గానే చెప్పేవాడని మామ అంటాడు. కానీ ఆ రోజు సంగతి ఎత్తితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. పదిహేడు కిలోమీటర్లు మోగిందని ముగ్గురు చెప్పినా, "అబద్దం. పంతొమ్మిది దినాల ముందే మా పాప ముప్పై ఒకటి కొట్టింది, ముప్పై ఒకటీ ఇన్నోన్ని" అనేవాడు. కుర్ర డ్రైవర్లు ఆయనకు ముప్పై ఒకటన్న అని పేరు పెట్టారు. నేనొకసారి షెడ్డు దగ్గరికి వెళ్ళినప్పుడు నా ముందే ఒకడు, "ఏం ముప్పై ఒకటన్నా, ఇప్పుడు ఎన్ని ఇనపడతాండాయి?" అని అరిచాడు. నాయనకు ఎగతాళి వినపడలేదు, నన్ను చూపించి, "మా పాప లెక్క తప్పదురా" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఇరవై ఆరేళ్ళు ఒక్క మాటా తప్పు చెప్పనివాణ్ణి హైవే అంతా అబద్ధాలకోరును చేసింది, అది ఆయన చెప్పిన అబద్ధం కాదు. ఆ పరీక్షలో ఆయన తనంతట తానే ఒప్పుకుని బండి ఆపేసి ఉండాల్సింది. తన చేత్తో తాళాలు మేకుకు తగిలించి, "నా చెవులు పోయినాయి, ఇంగ నేను నడపను" అని బస్టాండులో చెప్పుకునే గౌరవం ఆయనకు ఉండేది. నేను దాన్ని పంతొమ్మిది రోజులకు అమ్మేశాను. ఆయన కోసమా, రాయదుర్గం బస్సు కోసమా అని ఎన్నిసార్లు రెండు వరసలుగా రాసి చూసుకున్నా ఏ వరస పొడవో తేలలేదు.

ఇప్పటి కార్లలో ఆ ఇబ్బంది లేదు. మా యూనిట్ యజమాని కారుకు సద్దు వస్తే ఒక పిల్లవాడు వచ్చి స్టీరింగు కింద ఒక వైరు తగిలించాడు. బండి తన జబ్బు తానే అంకెల్లో చెప్పింది. చెవి పెట్టే పనీ లేదు, పన్ను పెట్టే పనీ లేదు, మధ్యలో చెప్పడానికి మనిషీ అక్కర్లేదు. మంచిదే. చిలమత్తూరు అవ్వలు క్షేమంగా ఇళ్ళకు పోతారు. అయినా ఆ కారులో వెనక కూర్చుంటే నాకు ఊపిరాడదు, అంత నిశ్శబ్దంగా ఉంటుంది. ఇరవై లెక్కపెట్టకుండానే కదిలిపోతుంది. రోడ్డు పక్క చిన్న రాళ్ళు కూడా తీసేశారు. పెదాలు మాత్రం వాటంతటవే కదులుతాయి, లెక్కపెట్టడానికి ఏమీ లేకపోయినా. అలాంటప్పుడు ఎడమ పక్క ముందు సీటూ, గేరు కడ్డీ మీద నాయన చేయీ, తలుపు సందుల్లోంచి వచ్చే దుమ్మూ గుర్తొస్తాయి. ఆయన యాక్సిలేటరు వదిలి, "ఇప్పుడు ఇను, ఇప్పుడు ఆగుతాది చూడు" అనే ఆ ఒక్క క్షణం కోసం ఈ తరం బండ్లన్నీ ఇచ్చేస్తాను.

చివరిసారి ఆయన్ను చూసింది ఒక అమావాస్యనాడు. అప్పటికి రెండు చెవులూ పూర్తిగా పోయాయి, ఏం చెప్పాలన్నా సైగలతో, వేళ్ళతో చెప్పాలి. అమ్మ లోపల ఉంది. నేను ఆయన పక్కన మంచం మీద కూర్చున్నాను. ఆయన నా మోకాలి మీద చేయి వేసి, "నిజం చెప్పు పాపా. ఆ పొద్దు ఎన్ని కొట్టినావు?" అని అడిగాడు. అనుమానంతో అడిగాడో, ఆ అంకె ఇంకొకసారి చూడాలని అడిగాడో ఆ కళ్ళల్లో నాకు తెలియలేదు. నేను పది వేళ్ళూ చాచాను. ముడిచి మళ్ళీ పది చాచాను. మూడోసారి పది చాచాను. ఆయన నా చేతుల వైపే చూస్తున్నాడు. నాలుగోసారి చేతులు ఎత్తి ఒక్క వేలు చాచాను. ఆయన తల ఊపి, "అదే గదా నేను చెప్పేది" అని నా చేతుల్ని పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ నెలలోనే పోయాడు. ఆ చేతుల్లో నేను చాచకుండా ముడుచుకున్న వేళ్ళు తొమ్మిది. ఆయనకు నేను ఇంకా తొమ్మిది బాకీ.